రెండో అల కోసం విశాఖ దాకా

విశాఖపట్నంలో నేను పరిశోధన చేసిన డిపార్ట్‌మెంటుకు మూడేళ్లలో ఏడు ఉత్తరాలు రాశాను. అందులో రెండు రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. అందినట్టు సంతకం చేసిన కార్డులు నా దగ్గర ఉన్నాయి. జవాబు మాత్రం లేదు. ఈ మధ్య డిపార్ట్‌మెంటు స్వర్ణోత్సవాలకు ఒక పుస్తకం వేశారని తెలిసి తెప్పించుకున్నాను. అందులో తోటమాలి పేరు కూడా ఉంది, నా పేరు లేదు. తోటమాలి మీద నాకు కోపం లేదు, మంచి మనిషి. కానీ అక్కడ నాలుగేళ్లు కళ్లు కాయలు కాచేలా మైక్రోస్కోపులో చూసినవాణ్ణి నేను. ఉత్తరాలతో కాని పని కాళ్లతో చేద్దామని, కార్తీకమాసం మొదట్లో అనంతపురం నుంచి బయల్దేరాను.

నా గొడవేమిటో ముందే చెబుతాను. మన ఒంట్లో ప్రతి కణానికీ బయటి నుంచి కబుర్లు వస్తుంటాయి. హార్మోను వచ్చి కణం తలుపు తడుతుంది. ఆ వెంటనే లోపల క్యాల్షియం ఒక్కసారి పొంగి తగ్గుతుంది. ఆ పొంగునే మేం అల అంటాం. క్యాల్షియం తగిలితే వెలిగే రంగు ఒకటుంది. దాన్ని కణాల్లోకి ఎక్కించి మైక్రోస్కోపు కింద పెడితే, అల వచ్చినప్పుడల్లా కణం వెలుగుతుంది. కత్తిపరిగ అనే చేప మొప్పల్లోని కణాలు ఆ కబురును ఎలా అందుకుంటాయో చూడడం నా పిహెచ్‌డీ పని. నా కణాలు ఒకసారి వెలిగి ఆరిపోయాక, నాలుగైదు నిమిషాలకు మళ్లీ వెలిగేవి. ఆ రెండో అల గురించి అంతకుముందు ఎవరూ రాయలేదు. పేపరు వేశాం. మరుసటి ఏడాది ఇంకో ల్యాబు వాళ్లు అదే చేపతో చేసి, రెండో అల లేనే లేదని రాశారు. మా గైడు సెమినారు హాల్లో అందరి ముందూ, "ఇతని చేతిలోనే ఏదో దోషముంది," అన్నారు. ఆ మాట అంటూ నా వైపు చూడను కూడా లేదు. మళ్లీ చేసి చూపిస్తానంటే పరికరం మీద టైమివ్వలేదు. ఆ రోజు టీతో ఇచ్చిన సమోసా నేను ముట్టుకోలేదు.

తర్వాత ముప్పై ఏళ్లు వేరే ఊళ్లో, కండరాల కణాలకు ఇన్సులిన్ కబురు ఎలా చేరుతుందో పరిశోధించాను. పేపర్లు వచ్చాయి, శిష్యులు వచ్చారు, రిటైరయ్యాను. కానీ కొత్త పని ఏది మొదలుపెట్టినా ముందు నా చేతుల వంక చూసుకునేవాణ్ణి. దోషం నిజంగా వీటిదేనా? అయితే ఒప్పుకుంటాను. కాకపోతే కాదని ఎవరైనా చెప్పాలి. నా పాత నోటు పుస్తకాలు ఒకసారి చూపించమని అడిగినవే ఆ ఏడు ఉత్తరాలు.

ఎలమంచిలి దగ్గర తేగలు

రైలు ఎలమంచిలిలో ఆగేసరికి ప్లాట్‌ఫారం మీద తేగల కట్టలు కనిపించాయి, తాటిటెంకల నుంచి వచ్చే మొలకలు. కట్ట నలభై రూపాయలు. మా అనంతపురంలో తేగలంటే ఎవరికీ తెలియదు. చదువుకునే రోజుల్లో ఒకసారి తీసుకెళ్తే మా మేనత్త పుల్లలనుకుని పొయ్యిలో పెట్టింది. ముప్పై ఏళ్ల తర్వాత చేతిలోకి తీసుకున్న తేగను నేనూ పుల్లను విరిచినట్టే నడిమికి విరిచాను. పీచు పళ్లలో ఇరుక్కుంది.

నా పక్కన అప్పుడే ఎక్కి కూర్చున్న మనిషి ఫోనులో మాట్లాడుతున్నాడు. "బావా, నాను రైలెక్కీసినాను. సీటు దొరికింది. ఇక్కడో పెద్ద మాస్టారు తేగతో కుస్తీ పడతన్నారు, తర్వాత సేత్తాను." ఫోను జేబులో పెట్టి నా చేతిలోది తీసుకున్నాడు. "అలగ ఇరవకూడదు మాస్టారూ. ఇలగ సీల్సాల. లోపల లేత మొవ్వు, సందమామ ఉంటాది, అది ముందు తినాల."

అతని పేరు రమణ. అచ్యుతాపురంలో మందుల ఫ్యాక్టరీలో పొడులు కలిపే మిషను దగ్గర పని. ఏం మందులని అడిగితే, నేను మధ్యాహ్నం వేసుకోబోతున్న బీపీ మాత్ర పేరే చెప్పాడు. నా జేబులోంచి ఆ అట్ట తీసి చూపించాను. సొంత పొలంలో పండిన బియ్యాన్ని చూసినట్టు చూశాడు.

"ఇది ఒంట్లోకెళ్లి ఏం చేస్తుందో తెలుసా?" అన్నాను.

"మాకెవులు సెప్తారండీ? ఆరేళ్ల నుంచి కలుపుతన్నాను. మాయమ్మ కూడా ఇదే ఏసుకుంటాది."

చెప్పాను. రక్తనాళం గోడలో కండర కణాలుంటాయి, వాటికి క్యాల్షియం లోపలికి వచ్చే సన్నని దారులుంటాయి, క్యాల్షియం వస్తే అవి బిగుసుకుంటాయి, ఈ మాత్ర వెళ్లి ఆ దారులకు గడియ పెడుతుంది, నాళం వదులవుతుంది. అతను, "ఇంకోపాలి సెప్పండి మాస్టారూ, ఇంటికెల్లి మాయమ్మకి సెప్పాల," అన్నాడు. ఎన్నో సభల్లో మాట్లాడాను, శ్రోతలు వాచీలు చూసుకోవడం కూడా లెక్కపెట్టాను. ఇంకోసారి చెప్పమని అడిగినవాడు ఇతనొక్కడే. రెండోసారి ఇంకా నెమ్మదిగా చెప్పాను. దిగేటప్పుడు మిగిలిన తేగలన్నీ చీల్చి, చందమామలు పైకి కనిపించేలా కాగితంలో చుట్టి ఇచ్చి వెళ్లాడు.

డిపార్ట్‌మెంటులో

మర్నాడు శుక్రవారం పొద్దున్నే డిపార్ట్‌మెంటుకు వెళ్లాను. హెడ్డుగారు మీటింగులో ఉన్నారు. మేం దీపాలార్పి కణాలు చూసిన చీకటి గదిలో ఇప్పుడు విరిగిన కుర్చీలున్నాయి. ఆఫీసు గుమాస్తా మర్యాదస్తుడే, ఫ్యాను వేసి కూర్చోబెట్టాడు.

"పాత నోటు పుస్తకాలాండీ? బిల్డింగు మారినప్పుడు పాత సామాన్లోడికి ఏసీసినారండి."

"నా ఉత్తరాలు అందాయా?"

"ఎందుకందవండీ!" బీరువా తెరిచి ఫైలు తీశాడు. ఏడు ఉత్తరాలూ తారీఖు వరసలో, చిల్లులు పెట్టి దారంతో కట్టి ఉన్నాయి. నా ఇంట్లో కూడా అంత పొందికగా లేవు వాటి నకళ్లు.

"మరి జవాబు?"

"జవాబు రాయమని ఎవులూ సెప్పనేదండి. సోమారం రండి, హెడ్డుగారుంటారు."

పుస్తకాలు పోయాయన్న మాట మెట్లు దిగుతుంటే గానీ నాకు పూర్తిగా ఎక్కలేదు. కింది మెట్టు మీద కాసేపు కూర్చున్నాను. ఆ గుమాస్తానే వెనక వచ్చి, మంచినీళ్ల సీసా ఇచ్చి, "సన్యాసిరావుగారు మీకు తెలుసు కదండీ? కంచరపాలెంలోనే ఉంతన్నారు," అన్నాడు.

కంచరపాలెం

సన్యాసిరావుగారు మా ల్యాబు అటెండరు. గాజు సామాను కడగడం దగ్గర్నుంచి, మైక్రోస్కోపు దగ్గర నేను కేకవేసినప్పుడు టైము రాయడం దాకా ఆయన పనే. కంచరపాలెంలో రైలు పట్టాలకు ఆనుకున్న సందులో మేడ మీద ఉంటున్నారు. మెట్ల కమ్మీ పట్టుకుని ఎక్కి, చెమట తుడుచుకోబోయి చొక్కాకు చేయి రాస్తే, తెల్ల చొక్కా మీద నల్లని చారిక పడింది. పోర్టులోని బొగ్గు గుట్టల వైపు నుంచి గాలి వీస్తే ఈ ఊళ్లో కిటికీల మీద, కమ్మీల మీద ఈ దుమ్మే. మాకు ఎర్ర దుమ్ము, వీళ్లకు నల్ల దుమ్ము.

తలుపు తీసి నన్ను కాదు, ముందు నా చొక్కా చూశారు. "కమ్మీ పట్టుకున్నారా సారూ? కొత్తోళ్లే పట్టుకుంతారు." తర్వాత నా మొహం చూశారు. నా చేయి పట్టుకుని లోపలికి తీసుకెళ్లారు.

ఇడ్లీల్లోకి బొంబాయి చట్నీ పెట్టారు. సెనగపిండితో చిక్కగా, పచ్చగా ఉంటుంది. మా వైపు ఇడ్లీకి వేరుసెనగ చట్నీ తప్ప ఇంకోటి ఊహించం. రెండు ఇడ్లీలు తిన్నాక నోటు పుస్తకాల సంగతి చెప్పాను. ఆయన పళ్లెం పక్కన పెట్టేశారు.

"రెండుసార్లు ఎలిగింది సారూ. నా కళ్లతో నాను సూసినాను. టైము రాసింది నా సెయ్యే కదా? ఎవులడిగినా సెప్తాను. ఎవులూ అడగనేదు."

"అడిగినా మనమిద్దరం చెబితే నమ్మరు."

"మనిద్దరం సేప సచ్చినాక సూసినోళ్లమే," అన్నారు ఆయన. "బతికున్నప్పుడు సూసింది నూకరత్నం. దాన్ని అడుగుదాం."

నూకరత్నం పేరు వినగానే నా పాత కోపం ఒకటి లేచింది. ఆమె జెట్టీ దగ్గర చేపలమ్మేది. కత్తిపరిగల్ని నీళ్లకుండలో ప్రాణంతో తెచ్చేది. మొత్తం చేప కొనే స్తోమత మాకు లేదు, మొప్పలు తప్ప నాకు పనీ లేదు. అందుకని తలకాయ మాత్రం కోసివ్వమని బేరం కుదుర్చుకున్నాను. కోసిన తలకాయను చల్లని ఉప్పునీళ్ల ఫ్లాస్కులో వేసుకుని పరిగెత్తేవాణ్ణి. దసరా నుంచి శివరాత్రి దాకా బాగానే ఇచ్చేది. ఆ తర్వాత అడిగితే "లేవు బాబూ" అనేది. కళ్లెదురుగా కుండలో కత్తిపరిగలు కొట్టుకుంటూ ఉండేవి, అయినా లేవనేది. ఒక ఎండాకాలం నలుగురు కొనేవాళ్ల మధ్య, "అబద్ధాలకోరువి," అని అరిచి వచ్చేశాను. మళ్లీ దసరాకు సన్యాసిరావుగారిని పంపితే మారుమాట్లాడకుండా తలకాయలు ఇచ్చి పంపింది. ఆమె నన్ను మోసం చేసిందన్న కోపం మాత్రం నాలో అలాగే ఉండిపోయింది.

జెట్టీ

శనివారం పొద్దున్న ఇద్దరం జెట్టీకి వెళ్లాం. కార్తీకం కదా, చాలామంది నీచు మానేస్తారు. బేరాలు పల్చగా ఉన్నాయి. కత్తిపరిగ కిలో మూడొందల యాభై చెప్పి మూడొందలకు ఇస్తున్నారు. మా వైపు ఆ నియమం సోమవారాల వరకే. సన్యాసిరావుగారు మాత్రం నెలంతా ముట్టరు. నీచు నీళ్లు పడకుండా పంచె మోకాళ్ల దాకా ఎగ్గట్టి, గట్టు మీద దూరంగా నిలబడ్డారు.

నూకరత్నం కత్తిపీట ముందు లేదు. అక్కడ కోడలు కూర్చుంది. ముసలామె వెనక చెక్కపెట్టె మీద, మోకాళ్లకు గుడ్డ చుట్టుకుని కూర్చుంది. నన్ను తేరిపార చూసింది.

"ఓలమ్మో! తలకాయల బాబు!" అంది గట్టిగా. చుట్టుపక్కల కత్తిపీటల దగ్గర నవ్వులు లేచాయి. "సూడే కోడలా, ఈ బాబే. ముండెం ఒగ్గేసి తలకాయలు పట్టుకెల్లీవోడు. కూరకేమోననుకున్నాను, పరీచ్చకంట!"

"నన్ను గుర్తుపట్టావా?"

"అబద్దాలకోరని తిట్టినోణ్ని మర్సిపోతానేటి?"

ఎవరు నన్నేమన్నారో ఏళ్ల తరబడి మోసుకు తిరిగేవాణ్ణి. నేనన్న మాటను ఇంకొకరు మోస్తూ ఉంటారని ఎప్పుడూ తట్టలేదు. "తప్పే," అన్నాను చివరికి. "కానీ కుండలో చేపలుండగా లేవని ఎందుకన్నావు? అది చెప్పు. ఇవాళైనా ఒక తలకాయ ఇస్తావా, లేదంటావా?"

ఆమె కోడలి గంప ముందుకు లాక్కుంది. ఒక్కొక్క కత్తిపరిగ పొట్ట మీద బొటనవేలితో నొక్కింది. మొదటిది పక్కన పడేసింది. రెండోదీ, మూడోదీ అంతే. నాలుగోదాన్ని నొక్కి, "ఇదిగో, దీన్ది ఇత్తాను," అంది.

"మిగతావాటికేమైంది?"

"గుడ్లు నేవు."

"నాకు గుడ్లతో ఏం పని? తలకాయే కదా కావాలి."

"నీకేటి పని నేదు బాబూ, నాకుంది పని!" అంది. కళ్లు చికిలించి నవ్వుతోంది. "ఇంత సదువుకున్నావు, ఇది తెల్దా? తలకాయ నేని సేప ఎవులు కొంతారు? మొప్ప ఎత్తి, ఎర్రగా ఉందో నేదో సూడందే రూపాయి తియ్యరు. తలకాయ నీకిచ్చీసి, ముండెం నానేటి సేసుకోను? గుడ్ల సేపైతే కడుపు కోసి గుడ్లు సూపిత్తాను. గుడ్లు నిగనిగలాడతంటే సేప తాజాదని ఆలకే తెలిసిపోద్ది. గుడ్లు ఒకలకి, ముక్కలు ఒకలకి. తలకాయ నీకు. గుడ్లు నేని రోజుల్లో నీకెక్కడ్నించి తెత్తాను? అందుకే నేవన్నాను."

"నాలుగేళ్లూ ఇలాగేనా? అన్నీ గుడ్ల చేపలవేనా?"

"అన్నీను. మగ సేప్ది ఒక్కటీ ఇవ్వనేదు. నువ్వెప్పుడూ అడగనేదు కదా."

నేను తడి నేల మీదే కూర్చున్నాను. సన్యాసిరావుగారు పంచె సంగతి మర్చిపోయి పరిగెత్తుకొచ్చారు, నాకేదో అయిందని.

చదివేవాళ్లకు ఇక్కడ కాస్త విడమర్చాలి. గుడ్లు పెరిగే రోజుల్లో ఆడచేపకు క్యాల్షియం చాలా కావాలి. ఆ రోజుల్లో దాని రక్తంలో ఆడ హార్మోను పెరుగుతుంది, ఒళ్లంతా క్యాల్షియం పోగుచేసే పనిలో పడుతుంది. నీళ్లలోని క్యాల్షియం దాని ఒంట్లోకి వచ్చే ముఖద్వారం మొప్పలే. అలాంటి చేప మొప్పల కణాలు అదే కబురుకు మామూలు చేపల కణాల్లా కాకుండా, రెండుసార్లు పలికి ఉండొచ్చు. మాతో విభేదించిన ల్యాబు వాళ్లు చేపల్ని మొత్తంగానే కొని ఉంటారు. ఆడవీ మగవీ, గుడ్లున్నవీ లేనివీ కలిసిపోయి ఉంటాయి. వాళ్లూ నిజమే రాశారు, నేనూ నిజమే రాశాను. నా నోటు పుస్తకంలో తారీఖు ఉంది, నీటి ఉప్పదనం ఉంది, ఫ్లాస్కు ఎంత చల్లగా ఉందో కూడా ఉంది. చేప ఆడదో మగదో రాయడానికి గడి లేదు. పొట్ట నేనెప్పుడూ చూడలేదు మరి.

ఇది రుజువు కాదని నాకు తెలుసు. ముప్పై ఏళ్ల తర్వాత దొరికిన మొదటి సబబైన కారణం, అంతే. అయినా ఆ తడి నేల మీద కూర్చుని నా రెండు చేతుల్నీ తిప్పి తిప్పి చూసుకున్నాను.

నూకరత్నం ఇంట్లో

"లెగు బాబూ," అంది నూకరత్నం. "అబద్దాలకోరి ఇంట్లో అన్నం తినీసి ఎల్లు."

జెట్టీ వెనక రెండు గదుల ఇల్లు. కోడలు చేప ముక్కలు పులుసు పెట్టింది. గుడ్లను ముసలామె తనే వేయించింది, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, చివర్లో కాస్త చింతపండు రసం. మా ఇంట్లో కోడిగుడ్డు తప్ప ఇంకో గుడ్డు తెలియదు. నోట్లో వేసుకుంటే రవ్వలా విడిపోయింది. సన్యాసిరావుగారికి అరటిపళ్లు తెప్పించి, ఆయన్ని గుమ్మం అవతల గాలి తగిలే చోట కూర్చోబెట్టారు. "కార్తీకం సన్నాసీ, కమ్మగా ఉంది వాసన?" అని ఆమె ఏడిపిస్తుంటే, ఆయన ముక్కు మూసుకుని అరటిపండు తింటున్నారు.

"ఆ తలకాయ కూడా పులుసులో వేసి ఉండొచ్చుగా?" అన్నాను.

"గుడ్ల సేప తలకాయకి రుసుండదు. సత్తువంతా కడుపుకి తోసీద్ది. తల్లి కదా." అన్నం వడ్డిస్తూ మామూలుగా అంది. నా థీసిస్‌లో రెండువందల పేజీలున్నాయి. ఈ ఒక్క ముక్క లేదు.

రెండో అల గొడవంతా చెప్పాక ఆమె అడిగింది: "అయితే మరి నా సేపలు రెండు పాల్లు ఎలిగినట్టా, ఎలగనట్టా?"

"వెలిగాయనే నేననుకుంటున్నాను. మళ్లీ చేసి చూడాలి."

"సూసి సెప్పు మరి. అప్పుడు నువ్వు అచ్చేయించిన దాంట్లో నా పేరు రాసినావేటి?"

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. మా పేపరు చివర, రంగు పొడి పంపిన కంపెనీకి కృతజ్ఞతలు చెప్పాం. గదిలో కరెంటు బాగుచేసినాయనకు చెప్పాం. ఆమెకు చెప్పలేదు. సన్యాసిరావుగారికి కూడా చెప్పలేదు.

"రాయలేదు," అన్నాను.

"పోన్లే," అని ఇంకో గరిటె గుడ్లు వేసింది. ఆ "పోన్లే" నాకు మా గైడు అన్న మాట కంటే లోతుగా దిగింది.

సోమవారం

హెడ్డుగారు ఉన్నారు. తలుపు సగం తెరిచి నిలబడే విన్నారు. "చూద్దాం సార్," అన్నారు. ఏం చూస్తారో, ఎప్పుడు చూస్తారో చెప్పలేదు. ఇలాంటి "చూద్దాం"లు నా దగ్గర చాలా ఉన్నాయి. అందుకే ఈ ప్రయాణం గురించి నలుగురూ చదివే చోట రాస్తున్నాను.

హెడ్డుగారూ, మీరు చేయాల్సింది పెద్ద పనేం కాదు. జెట్టీకి వెళ్లి గుడ్లున్న కత్తిపరిగలు ఆరు, మగవి ఆరు, మొత్తం చేపలే కొనండి. పొట్ట కోసి, ఏది ఏదో ముందు రాసుకోండి. అదే రంగు, అదే హార్మోను, అదే వేడి. మొదటి వెలుగు ఆరిపోయాక పది నిమిషాలు లేచి వెళ్లకుండా కూర్చుని చూడండి. రెండో అల రాకపోతే రాలేదని రాయండి. దోషం నా చేతిదేనని నా పేరుతోనే అచ్చు వేయిస్తాను. వస్తే, మీ పేరే వేసుకోండి, నాకు అభ్యంతరం లేదు. కానీ నూకరత్నం పేరూ, సన్యాసిరావుగారి పేరూ అందులో ఉండాలి. మాలాగా మీరూ మర్చిపోవద్దు.

మీకు తీరికలేకపోతే, ఈ రాష్ట్రంలో మైక్రోస్కోపున్న ఇంకెవరైనా సరే. శివరాత్రి దాటితే గుడ్ల చేపలు దొరకవు, మళ్లీ దసరా దాకా ఆగాలి. నూకరత్నానికి డెబ్భై దాటాయి. చేపలు వెలిగాయో లేదో చూసి చెప్పమని నన్నడిగింది, నేను కాదనలేదు. ఆమెకు నేనేం చెప్పాలి? వెలిగాయా, లేదా? ఒక్క మాట రాయండి.